కలకండ పొట్లం

టక్, టక్, టక్.

చిన్న కల్వంలో మాత్ర మూడు దెబ్బలకే పొడి అయిపోయింది. ముస్కాన్ ఆ పొడిని కాగితం మడతలోకి వంపి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషి నాలుక కిందికి జార్చింది.

"మింగొద్దన్నా, మాట్లాడొద్దు. కరిగేదాకా ఆడ్నే కూసో. మళ్లా నోరు సూపించి పో."

డిటెక్టివ్ దీపిక గోడకు ఆనుకుని ఆ చేతుల్నే చూస్తోంది. తప్పు చేసి దాచుకుంటున్న చేతులు ఇంత నెమ్మదిగా, ఇంత సమంగా పనిచేయవు. ఈ చేతులకే సాయంత్రంలోగా బేడీలు వేస్తానని సి.ఐ. లక్ష్మీపతి పొద్దునే చెప్పేశాడు.

నిన్న మధ్యాహ్నం హరీష్ అనే లారీ డ్రైవరు నిద్రలోనే చనిపోయాడు. ఒకప్పుడు నొప్పి మాత్రలకు, సూదులకు బానిసైన మనిషి. ఏడాదిగా పుంగనూరులోని ఈ కేంద్రానికి రోజూ వచ్చి, ఆ తపన చంపే మాత్ర ఒకటి నాలుక కింద పెట్టించుకుని, మామూలు మనిషిలా బతుకుతున్నాడు. అతను పోయిన చోట ఇదే మాత్రల షీటు పోలీసులకు దొరికింది. మాత్రల బీరువా తాళం నర్సు ముస్కాన్ దగ్గరే ఉంటుంది. లక్ష్మీపతికి అంతకుమించి ఏమీ అక్కర్లేకపోయింది. ముస్కాన్ తండ్రి, టైలర్ సిరాజుద్దీన్, ఈ పొద్దున మదనపల్లెలో దీపిక ఆఫీసు తలుపు తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. మెడలో కొలత టేపు అలాగే ఉంది. దాన్ని తీయాలన్న సంగతి కూడా ఆయనకు గుర్తు రాలేదు.

స్టూలు మీది మనిషి నోరు చూపించి వెళ్లిపోయాడు. దీపిక ఆ స్టూలే లాక్కుని కూర్చుంది.

"హరీష్‌కి ఎప్పుడైనా మాత్ర ఇంటికిచ్చావా?"

"లేదు మేడమ్."

"పండగ రోజు? వాన పడి రాలేనన్న రోజు?"

"రంజాన్ రోజు గూడా నేనొచ్చి తలుపు తీసినాను మేడమ్. మాత్ర మాత్రగా ఈ గది దాటదు. పొడి చేసేది అందుకే. బిళ్లగా ఇస్తే దవడలో దాచుకోని బయటికి పోయి అమ్ముకుంటారు."

"మరి షీటుకు షీటే ఎట్లా దాటింది?"

ముస్కాన్ మెడలోని దారం లాగి, దానికి వేలాడుతున్న తాళంచెవి చూపించింది. "ఇది నా మెళ్లోనే ఉండాది. ఆ షీటు యాడ్నించి వచ్చిందో నాకు తెలీదు."

"హరీష్‌ను చివరిసారి చూసినప్పుడు ఏం గమనించావు? అనుకున్నది వద్దు. చూసింది చెప్పు."

"కండ్లు మేడమ్." జవాబు వెంటనే వచ్చింది. "ఈ మందు వాడేటోళ్లకు కంటిపాప సన్నగా ఉంటాది, ఆవగింజ మాదిరి. హరీషన్నకు ఇంత పెద్దగా, కాటుక పూసినట్టుండె. నాడి పట్టుకుంటే ఉరుకుతాండె. నోట్లో ఏమీ లేకపోయినా దవడ నములుతానే ఉండె. నిద్రపోయినావా అన్నా అంటే, 'పురుగులు నిద్రపోనిస్తే కదా సెల్లీ' అని నవ్వె."

"అయినా మాత్ర ఇచ్చావు."

"కూర్చోబెట్టి, నాడి దిగినాక, డాక్టరు సారును ఫోన్లో అడిగి ఇచ్చినాను. ఇది ఆపేస్తే పాత సూదికే పోతారు మేడమ్. అది ఇంకా చేటు."

దీపిక ఫోన్ మోగింది. మదనపల్లె ఆస్పత్రి నుంచి డ్యూటీ డాక్టరు. ఆమె విని, రెండు మాటలు అడిగి, పెట్టేసింది.

"హరీష్ మూత్రం కార్డు పరీక్షలో మూడు బయటపడ్డాయి ముస్కాన్. మీ మాత్ర ఒకటి. నిద్రమాత్ర ఒకటి. మూడోది మెత్. క్రిస్టల్ అంటారే, అది."

"అల్లా!" ముస్కాన్ చెయ్యి కల్వం మీద పడింది. "ఒకటి మనిషిని తరుముతాది, ఇంకోటి పట్టి నిలబెడతాది. నడమన గుండె నలిగిపోతాది మేడమ్. ఆ క్రిస్టల్ ఎక్కినంతసేపూ అలుపు తెలీదు, మత్తు తెలీదు. దిగినాక ఒళ్లు కుప్పకూలతాది, కానీ నిద్ర పట్టదు. అప్పుడు నిద్రమాత్రలు మింగినారంటే, అవీ మా మందూ కలిసి ఊపిరిని అణిచేస్తాయి. పక్కనుండేటోళ్లు గురక అనుకుంటారు. అది గురక కాదు."

"అతని కళ్ల సంగతి ఎవరికైనా చెప్పావా?"

"యువరాజ్‌కి చెప్పినాను. మా ఫీల్డు వర్కరు. ఇండ్లకు పోయి, మందు మానకుండా సూసేది ఆయనే. ఒకప్పుడు ఆయనా ఈ స్టూలు మీద కూసున్న మనిషే. 'నేను సూసుకుంటాలే' అనె."

తలుపు ధడాలున తెరుచుకుంది. సి.ఐ. లక్ష్మీపతి గుమ్మంలో నిలబడి, గది నాలుగు మూలలూ చూసి, చివరికి దీపికను చూశాడు.

"ఏం మేడమ్, పెండ్లిచూపుల మాదిరి సాగదీస్తాండారు?"

"హరీష్ పోయిన చోటు చూడాలి సి.ఐ. గారూ."

"నేను చూసినా కదా."

"అందుకే నేనూ చూడాలంటున్నా."

ఆయన నవ్వలేదు. గేటు దగ్గరున్న కానిస్టేబుల్‌ను కేకేశాడు. "గోపాలస్వామీ! ఈ పాప గుమ్మం దాటకూడదు. ఈ సెంటర్లో పనిచేసేటోళ్లను తప్ప నరమానవుణ్ణి లోపలికి వదిలినావో, నీ పని చెప్తా." ముస్కాన్ వైపు తిరిగాడు. "సాయంత్రం నిన్ను తీసుకుపోయినాక దీనికి తాళం పడతాది."

ముస్కాన్ లేచి నిలబడింది. "నన్ను తీస్కపోండి సార్. తలుపు మాత్రం మూయొద్దు. రేపు పొద్దునే నలభైమంది వచ్చి నిలబడతారు. మాత్ర పడకపోతే ఎందరు మళ్లా సూది పడతారో మీకు తెలీదు."

"ఒకడు పోయింది చాల్లేమ్మా," అన్నాడు లక్ష్మీపతి.

*

హరీష్ ఇల్లు రామసముద్రం దారిలో, మల్బరీ తోటను ఆనుకుని ఉంది. శవం ఇంకా ఆస్పత్రి నుంచి రాలేదు. అతని తల్లి సిద్ధమ్మ ఏడవడం లేదు. షెడ్డు ముందు కూర్చుని మల్బరీ కొమ్మలు సరిచేస్తోంది.

"పురుగు నాలుగో జ్వరం నుంచి లేసిందమ్మా. ఇప్పుడు మేత తప్పితే గూడు కట్టదు," అంది తలెత్తకుండానే. "నా కొడుకు పోయినాడని వాటికి తెలీదు గదా."

పట్టుపురుగు తిండి మాని ముడుచుకుని కుబుసం విడవడాన్ని ఇక్కడి రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం తరవాత వారంపాటు అది రేయింబవళ్లు తింటూనే ఉంటుంది. ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు.

షెడ్డు గుమ్మంలో బ్లీచింగ్ నీళ్లతో తడిపిన గోనెపట్ట ఉంది. దీపిక చెప్పులు విడిచి దానిమీద పాదాలు తుడుచుకుంది. సిద్ధమ్మ లేచి వచ్చి ఆమె రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పొగాకు గాని, నశ్యం గాని?"

"లేదమ్మా."

ఆమె లక్ష్మీపతి వైపు తిరిగింది. అంత సి.ఐ. గారూ బడిపిల్లాడిలా చేతులు చాచాడు. "నిన్న చూసినావు కదమ్మా."

"నిన్నటిది నిన్న సారూ. మీ పోలీసోళ్లందరికీ సబ్బేసి కడిగించినాను గాబట్టే లోపలికి రానిచ్చినాను."

షెడ్డులో నాలుగు వరసల అరలు. వేలకొద్దీ పురుగులు ఆకు కొరుకుతుంటే సన్న తుంపర పడుతున్న చప్పుడు. తలుపు పక్కనే మంచం. హరీష్ ప్రాణం పోయింది దానిమీదే. దీపిక మంచం కింద చూసింది, దిండు ఎత్తి చూసింది, ఏమీ లేదు. నిలబడి కళ్లు మూసుకుంది.

"ధ్యానమా మేడమ్?"

"వినండి. ఆ మూల చప్పుడు లేదు."

ఆమె మూలనున్న కింది అర దగ్గర గొంతుకూర్చుంది. అక్కడ వేసిన ఆకు వేసినట్టే వాడిపోయి ఉంది. దానిమీద పురుగులు మెలికలు తిరిగి, తలలు పైకెత్తి, ఒళ్లు కుంచించుకుని పడి ఉన్నాయి. నోళ్ల దగ్గర పచ్చటి రసం ఎండిపోయి ఉంది.

"పొద్దున సూసినానమ్మా," అంది సిద్ధమ్మ. "సగం ఏరి సున్నంలో ఏసినాను. సావు జరిగిన ఇల్లు గదా, మైల తగిలిందనుకున్నా."

"మైల అయితే అన్ని అరలకూ తగలాలి కదమ్మా. దీనికొక్కదానికే ఎందుకు?" దీపిక తల తిప్పింది. "సి.ఐ. గారూ, మాత్రల షీటు ఎక్కడ దొరికింది?"

లక్ష్మీపతి వేలితో చూపించాడు. "ఈ అరలోనే. కింద పరిచిన కాగితం అడుగున."

సిద్ధమ్మ వంగి వాడిన ఆకొకటి తీసి వాసన చూసింది. మళ్లీ చూసింది. నిన్నటి నుంచి బిగబట్టుకున్నదంతా ఆ ఒక్క క్షణంలో తెగిపోయింది.

"పొగాకు! ఎవుడో నా పురుగు మీద పొగాకు సెయ్యి పెట్టినాడు! బిడ్డల మాదిరి సాక్కున్న పురుగమ్మా..." ఆ మాట పూర్తికాలేదు. అర కొయ్య పట్టుకుని కూలబడి, కొడుకు పేరు పెట్టి ఏడ్చింది.

దీపిక ఆమె పక్కనే నేలమీద కూర్చుంది. ఏడుపు ఎక్కిళ్లలోకి దిగాక అడిగింది.

"అమ్మా, నిన్న పోలీసులు రాకముందు ఈ షెడ్డులో ఎవరున్నారు?"

"ఎవురూ లేరు. అందరం ఆంబులెన్సు ఎంట పోతిమి. సెంటరు సారొక్కడే ఉండె, యువరాజు. 'పురుగులు పస్తుంటాయి, నేను సూసుకుంటా, నువ్వు పోమ్మా' అనె. ఒక మేత ఆయప్పే ఏసినాడు. కొడుకు మాదిరి..." సిద్ధమ్మ చీర చెంగు నోటి దగ్గరే ఉండిపోయింది. "ఆయప్ప ఖైనీ నములుతాడని నేనెప్పుడూ గుమ్మం దాటనీలే. నిన్న నా బుద్ధి యాడ పోయిందో."

లక్ష్మీపతి దగ్గాడు. "బాగుంది. పురుగుల సాక్ష్యం పట్టుకుని కోర్టుకు పోదామా మేడమ్? బోనెక్కించి ప్రమాణం చేయిస్తారా?"

"పురుగులు వద్దు. మీ జీపులో ఉన్న షీటు చాలు. కవరు తెరవొద్దు. ఎండకు పట్టి చూడండి."

ఆయన విసురుగా వెళ్లాడు. తిరిగి రావడంలో ఆ విసురు లేదు. పారదర్శకమైన కవరులో, షీటు వెండి రేకు అంచున గోధుమరంగు ఖైనీ నలుసు ఒకటి అతుక్కుని ఉంది. పక్కనే ఎండిన సున్నం చుక్క.

"ముస్కాన్ వక్కపలుకు కూడా నమలదు," అంది దీపిక.

"తాళం ఆ పిల్ల మెళ్లో ఉంది మేడమ్. అది మర్చిపోవద్దు."

దీపిక ఫోన్ తీసి స్పీకరు పెట్టింది. "ముస్కాన్, మందుల పెట్టె చిత్తూరు నుంచి ఎవరు తెస్తారు?"

"యువరాజే మేడమ్. పోయిన నెల వానకు కొన్ని షీట్లు తడిసినాయని, దారిలోనే పారేసినానని చెప్పె. డాక్టరు సారు కేకలేసినాడు గూడా."

లక్ష్మీపతి కవరును ఇంకోసారి తిప్పి చూశాడు. బీరువా దాకా చేరని షీటుకు ఏ తాళం ఏం చేస్తుంది?

"వాడికేం లాభం?" అన్నాడు చివరికి. గొంతులో ఎకసెక్కం తగ్గింది.

"అది అమ్మను అడుగుదాం. హరీష్ మేలుకోవడానికి ఏం తినేవాడమ్మా?"

"రాత్రి టమాటా లోడు, పగలు ఆకు కోత. మూడు రోజులు రెప్ప మూయలేదు. ఏం తినేటోడంటే... కలకండ."

"కలకండా?"

"చిన్న పొట్లంలో పలుకులమ్మా, తెల్లగా. నేనొకటి నోట్లో ఏసుకోబోతే సెయ్యి మీద కొట్టి గుంజుకున్నె. 'ఇది నీకు గాదమ్మా, డ్రైవర్లకు' అనె. ఆ సారొచ్చి పోయినప్పుడల్లా పొట్లం నిండుగా ఉండేది. మందని నేననుకుంటి. నిన్న ఇంక నిలబడలేక, 'పండుకుంటా' అని ఏందో మాత్రలు మింగె. పెద్దగా గురక పెట్టె. అలిసిపోయినాడు, పండుకోనీ అని నేనే తలుపు దగ్గరికేసి పోయినాను."

ఆ తలుపు వైపు చూడలేక ఆమె తల తిప్పేసుకుంది.

అంతా అమరిపోయింది. తపన తగ్గించుకోవడానికి వచ్చే డ్రైవర్లకు, నమ్మిన మనిషే మేలుకోబెట్టే విషం అమ్ముతున్నాడు. ఒకడు చచ్చిపోయాడు. క్రిస్టల్ మాట బయటికి రాకముందే చావును మాత్ర మీదికి నెట్టేశాడు. షీటును హరీషే దాచుకున్నట్టు కనిపించడానికి పైన ఆకు కప్పాడు. పొగాకు పట్టుపురుగుకు విషమని తెలిసినవాడైతే ఆ చేతులతో ఆకు ముట్టేవాడు కాదు.

"ఆ మునిరత్నం గూడా ఇదే తింటాండాడు," అంది సిద్ధమ్మ. "మావోడూ ఆయనా ఒకే ఆఫీసు లారీలు తోలేది. ఒకే సెంటరు."

ఫోన్ ఇంకా కట్ కాలేదు. అవతల ముస్కాన్ అంతా వింటూనే ఉంది.

"మేడమ్, మునిరత్నమన్న పొద్దున అందరికంటే ముందొచ్చినాడు. కండ్లు అట్లే ఉండె. నాడి దిగేదాకా కూర్చోబెట్టి మాత్ర పెట్టి, లారీ తోలొద్దు, డాక్టరు వచ్చేదాకా ఉండన్నా అన్నాను. 'కృష్ణగిరి లోడు సెల్లీ, టమాటా కుళ్లిపోతాది' అని లేసినాడు. నేను గట్టిగా పట్టుకుంటే, యువరాజ్ వచ్చి 'నేను ఎంట పోతాలే' అని తనే లారీ ఎక్కె."

*

"ఎక్కండి," అన్నాడు లక్ష్మీపతి జీపు తలుపు తెరుస్తూ. "మీ మాట ఇంకా నమ్మలేదు నేను."

"నమ్మొద్దు. వేగంగా పోనివ్వండి, చాలు."

జీపు పుంగనూరు, పలమనేరు దాటింది. లక్ష్మీపతి ఫోన్ చెవి నుంచి దిగలేదు. బైరెడ్డిపల్లె దాటి చాలా దూరం వచ్చాక కబురు అందింది. కుప్పానికి కాస్త ఇవతల, పంక్చర్ షాపు పక్కన టమాటా లారీ నిలబడి ఉంది. ఇంజను ఆపలేదు. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు.

"షాపాయన ఏమంటున్నాడు?" అంది దీపిక.

"పండుకోనుండాడంట. మంచి గురకంట."

దీపిక సీట్లో ముందుకు వంగింది. "అది గురక కాదు సి.ఐ. గారూ! లేపమనండి! 108కి చెప్పండి!"

వాళ్లు చేరేసరికి ఆంబులెన్సు ఇంకా రాలేదు. గురక ఆగిపోయి ఉంది. లక్ష్మీపతి క్యాబిన్‌లోకి ఎగబాకి, మునిరత్నాన్ని చంకల కింద పట్టి లాగి రోడ్డు పక్కన పడుకోబెట్టాడు. పెదాలు నేరేడుపండు రంగులోకి తిరిగాయి. దీపిక ముస్కాన్‌కు ఫోన్ కలిపి స్పీకరు పెట్టి నేలమీద ఉంచింది.

"ఊపిరి ఆడుతుండాదా?"

"చాలా అరుదుగా. ఛాతీ సరిగా కదలడం లేదు."

"తల ఎనక్కి వంచండి. గెడ్డం పైకెత్తండి. ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఊదండి. ఛాతీ లేస్తాదా లేదా సూడండి. బలమున్నోళ్లు ఊదండి మేడమ్, ఎవురుండారు?"

దీపిక లక్ష్మీపతిని చూసింది.

"నేనా?" అన్నాడాయన.

"సార్, సాయంత్రం నన్ను జైల్లో పెడుదురు గాని," అంది ఫోన్లోంచి ముస్కాన్, "ముందు ఊదండి."

లక్ష్మీపతి టోపీ తీసి పక్కన పడేశాడు. ఊదాడు. ఛాతీ లేచింది, పడింది. ముస్కాన్ అవతలినుంచి "ఇప్పుడు... ఇప్పుడు..." అని అందిస్తూనే ఉంది. ఆయన మెడనరాలు ఉబ్బాయి. చెమట మునిరత్నం మొహం మీద పడుతోంది. షాపాయన పంపు పక్కన పెట్టి చేతులు జోడించి నిలబడ్డాడు. ఎంతసేపటికో మునిరత్నం గొంతులో గరగరమంది. తనంతట తనే ఒక ఊపిరి లాగాడు. తరవాత ఇంకొకటి. ఆంబులెన్సు మోత దగ్గరపడుతుండగా రెప్పలు కాస్త విచ్చుకున్నాయి.

దీపిక చెవి దగ్గర వంగింది. "యువరాజ్ ఏడి?"

"పలమనేరులో... దిగిపాయె," అన్నాడు ముద్దమాటలతో. "నిద్రకని బిళ్లలిచ్చె... 'కుప్పం కాడ ఆపి పండుకో' అనె... సెంటర్లో పనుందంట... ముస్కానమ్మ దగ్గర..."

దీపిక ఫోన్ అందుకుంది. "ముస్కాన్! తలుపు గడియ పెట్టుకో! ముస్కాన్!"

జవాబు లేదు. గుడ్డ రాపిడి వినిపించింది. ఫోన్‌ను ఎవరో హడావిడిగా జేబులోకి జార్చుకున్న చప్పుడు. తరవాత దూరంగా గడియ పడింది, లోపలి వైపు నుంచి. ఒక మగ గొంతు మెత్తగా అంది:

"యాల బయపడతావు ముస్కాన్? ఆ తాళంచెవి ఇట్లియ్యి. ఈ పొద్దు నేను పొడి చేస్తా. నువ్వు స్టూలు మీద కూసో."

టక్. టక్. టక్.

ఒక మాత్రకు ముస్కాన్ చెయ్యి అక్కడ ఆగుతుంది. ఈ చెయ్యి ఆగలేదు. టక్, టక్, టక్, టక్... కల్వం మోగుతూనే ఉంది. దీపికకు అర్థమైంది. చేసిన తప్పుకు కుమిలిపోయి, తన బీరువాలోని మాత్రలే మింగి ప్రాణం తీసుకున్న నర్సు. రేపటి పేపర్లో వార్త ఇప్పుడే తయారవుతోంది.

లక్ష్మీపతి అప్పటికే రెండో ఫోన్లో అరుస్తున్నాడు.

"గోపాలస్వామీ! లోపల ఎవరున్నారు?"

"కొత్తోళ్లెవరూ లేరు సార్," అన్నాడు కానిస్టేబుల్, పని సక్రమంగా చేసినవాడి నిబ్బరంతో. "మీరు చెప్పినట్టే చేస్తాండా. సెంటరోళ్లను తప్ప ఎవర్నీ వదల్లేదు."